వైన్ కూడా మద్యమేనని ముందు తెలుగులో చెప్పండి

విజయవాడ

తెలుగువారి కోసం సామాజిక మాధ్యమాల్లో ప్రచారం చేసుకుంటున్న, వైన్ తయారుచేసే వైనరీల యాజమాన్యాలకు, వారి తరఫున వీడియోలు తీసి పెడుతున్న విజయవాడ, గుంటూరు యువతీ యువకులకు నమస్కారం.

నేను విజయవాడలో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు 20 ఏళ్ళుగా ఆహార పానీయాల సేవ అనే పాఠ్యాంశాన్ని బోధిస్తున్నాను. గుంటూరు దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టి పెరిగాను. ద్రాక్షలో ఎన్ని రకాలున్నాయి, ఏ వైన్‌ను ఎంత చల్లగా ఇవ్వాలి, అతిథి ముందు సీసా మూత ఎలా తీయాలి, గ్లాసును ఎక్కడ పట్టుకోవాలి అన్న విషయాలు పిల్లలకు నేర్పడమే నా జీవనోపాధి. నా దగ్గర చదువుకున్నవారు హైదరాబాదు, బెంగళూరు, గోవా హోటళ్ళలోనూ, సముద్రం మీద తిరిగే ఓడల్లోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. వైన్ వెనుక ఉన్న వ్యవసాయం మీద, శ్రమ మీద, శాస్త్రం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఆ గౌరవం ఉన్నందువల్లనే ఈ లేఖ రాయవలసి వచ్చింది.

గత వేసవిలో ఒక పూర్వ విద్యార్థిని నాకు ఫోన్ చేసింది. వాళ్ళ వదినకు ఐదో నెల. రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పారట. రోజూ రాత్రి పూట కొంచెం రెడ్ వైన్ పుచ్చుకుంటే రక్తం పడుతుందని ఒక వీడియోలో చూసి, ఇంట్లో పెద్దవాళ్ళు అప్పటికే ఒక సీసా తెప్పించారు. "మేడమ్, దీన్ని భోజనానికి ముందు ఇవ్వాలా, తర్వాత ఇవ్వాలా?" అన్నది ఆ అమ్మాయి ప్రశ్న. అసలు ఇవ్వనే కూడదని, గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదని చెప్పగలిగిన మద్యం మోతాదు ఏదీ లేదని, తల్లి రక్తంలోని ఆల్కహాలు కడుపులోని మాయ గుండా బిడ్డకు చేరుతుందని, దానివల్ల బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చని నేను చెప్పినప్పుడు అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదు. ఆ తర్వాత తను అన్న మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు: "కానీ మేడమ్, వాళ్ళు ఇది మందు కాదన్నారు కదా."

ఆ వీడియో తెప్పించుకుని చూశాను. నిమిషం నిడివి కూడా లేదు. మన ఊరి రెస్టారెంటు బల్ల, వెనుక సన్నని సంగీతం, చేతిలో గ్లాసుతో పాతికేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి. ఇది మందు కాదని, ద్రాక్షరసమేనని, ఆడవాళ్ళు కూడా హాయిగా తాగవచ్చని, చర్మం మెరుస్తుందని, రక్తం పడుతుందని చక్కని తెలుగులో చెప్పింది. సీసా మీది పేరు స్పష్టంగా కనిపించేలా మూడుసార్లు చూపించారు. అందులో ఆల్కహాలు ఎంత శాతమో ఒక్కసారి కూడా చెప్పలేదు. డబ్బు పుచ్చుకుని చేసిన వీడియో అవునో కాదో ఎక్కడా రాయలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. తనకు రాసిచ్చిన మాటలు తను చదివింది. రాసిచ్చినవారితోనే నా మాట.

మన భాషలో మందు అంటే ఔషధం, మందు అంటే మద్యం. ఆ వీడియో వైన్‌ను మద్యమనే అర్థంలో మందు కాదని చెప్పి, ఔషధమనే అర్థంలో మందుగా అమ్మింది. రెండూ అబద్ధాలే. తెలుగులో వైన్ గురించి ప్రచారం చేసేవారు ఈ భాషలో ఆ మాటల చుట్టూ ఏమేమి అల్లుకుని ఉన్నాయో తెలుసుకోవాలి. మన ఊళ్ళలో 'వైన్స్' అని పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు కింద అమ్మేది చాలావరకు విస్కీ, బ్రాందీ, బీరు. నిజమైన వైన్ ఒక మూల అరలో నాలుగైదు సీసాలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. వైన్ షాపు అంటే మద్యం దుకాణమని తెలిసిన మనుషులకే, వైన్ అంటే మాత్రం మద్యం కాదేమోనన్న అనుమానం మిగిలి ఉంది. తెలుగు బైబిలులో ద్రాక్షారసము అన్న మాటను చిన్ననాటి నుంచి భక్తితో విన్న కుటుంబాలు గుంటూరు ప్రాంతంలో ఊరూరా ఉన్నాయి. ఆయుర్వేద దుకాణంలో ద్రాక్షారిష్టం, ద్రాక్షాసవం కొనుక్కుని బాలింతలకు ఇచ్చిన అమ్మమ్మలు ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. అలాంటి చోట మీరు "ద్రాక్షరసమే" అన్నప్పుడు వినేవారి మనసులో పవిత్రత, వైద్యం రెండూ కలిసి పలుకుతాయి. మీ వ్యాపారానికి అది అనుకూలంగా ఉండవచ్చు. అయితే అది మీరు సంపాదించుకున్న నమ్మకం కాదు, ఆ ఇళ్ళలో తరతరాలుగా ఉన్న నమ్మకం.

ద్రాక్షరసానికి, వైన్‌కు తేడా ఏమిటో మీ వైనరీలో పనిచేసే ఏ కూలీని అడిగినా చెబుతాడు. వైన్ కోసం పెంచే ద్రాక్షను రసంలో చక్కెర 22 నుంచి 24 శాతానికి వచ్చేవరకు తీగ మీదనే ఉంచి కోస్తారు. ఆ చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. ఆ మార్పు పూర్తయ్యేసరికి పీపాలో ఉన్నది 12 నుంచి 14 శాతం ఆల్కహాలున్న పానీయం. దాన్ని రసమని పిలవడం, పులిసిన కల్లును పులియని నీరా అని అమ్మడం లాంటిది. నీరాకూ కల్లుకూ తేడా ఈ జిల్లాల్లో తాడిచెట్టు నీడన పెరిగిన ప్రతి పిల్లవాడికీ తెలుసు.

తరగతిలో నేను మొదటి రోజు చేయించే పని ఒకటి ఉంది. బల్ల మీద కొలపాత్ర పెట్టి, నీళ్ళతోనే, ఏ పానీయంలో అసలు ఆల్కహాలు ఎంత ఉంటుందో పిల్లల చేత కొలిపిస్తాను. 42.8 శాతం ఉన్న విస్కీ క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు తీసుకుంటే, అందులో ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. 13 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల వైన్ సీసాలో 97 మిల్లీలీటర్లకు పైనే. క్వార్టర్ తాగాడంటే ఊరంతా తలతిప్పి చూసే మన సమాజంలో, ఒక సీసా వైన్‌ను ఇద్దరు స్నేహితురాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పూర్తి చేసినట్టు చూపే వీడియోను ఎవరూ పట్టించుకోరు. పిల్లలు ఆ రెండు కొలపాత్రలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వాళ్ళ ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం నాకు ఏటా కొత్తగానే ఉంటుంది. రెస్టారెంటులో పోసే 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో దాదాపు 20 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉన్నది 13 మిల్లీలీటర్ల లోపే. అంటే ఒక గ్లాసు వైన్ ఒకటిన్నర చిన్న పెగ్గులకు సమానం. ఈ ఒక్క లెక్కను వీడియో చివర రెండు సెకన్లు చూపించడానికి మీకు అయ్యే ఖర్చు శూన్యం.

ఆరోగ్యం గురించి మీరు చెప్పిస్తున్న మాటలను ఇక ఆపండి. రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాట 1991లో అమెరికా టీవీ కార్యక్రమం ఒకటి ఫ్రెంచివారి భోజనం గురించి చెప్పిన కథతో ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థానికి ఆ ఘనతను కట్టబెట్టారు. ఒక లీటరు రెడ్ వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది, ప్రయోగశాలల్లో వాడిన మోతాదులు దానికి ఎన్నో రెట్లు. మన వేరుశనగ గింజల్లోనూ అది కొంత ఉంది. ఇక రెండో వైపు చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను 1988లోనే, రుజువైన క్యాన్సర్ కారకాలుండే మొదటి వర్గంలో చేర్చింది. ఆ వర్గీకరణలో వైన్‌కు మినహాయింపు లేదు. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముప్పును మద్యం పెంచుతుందని తేలింది. ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో మద్య పానీయాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, అవి 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం సీసా మీద ఆరోగ్యానికి మంచిదన్న మాట రాయకూడదు, మద్యపానం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక రాయాలి. సీసా మీద రాయడానికి చట్టం ఒప్పుకోని మాటను ఊళ్ళో నలుగురూ గుర్తుపట్టే అమ్మాయి నోట పలికిస్తే అది చట్టం కన్ను కప్పడమే.

చట్టం మాట వచ్చింది కనుక వీడియోలు చేసే పిల్లలకు ఒక విషయం విడమరచి చెప్పాలి, ఎందుకంటే యాజమాన్యాలకు న్యాయవాదులున్నారు, మీకు లేరు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం మద్యాన్ని నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రోత్సహించే ప్రకటన టీవీలో రాకూడదు. ఆ దారి మూసుకుపోయింది కనుకనే మద్యం బ్రాండు పేరునే పెట్టుకున్న సోడా, సంగీతం ప్రకటనలు పుట్టుకొచ్చాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ ముసుగు ప్రకటనలను కూడా నిషేధించాయి. డబ్బు గానీ, ఉచిత భోజనం గానీ, బహుమతి సీసా గానీ తీసుకుని వీడియో చేసినప్పుడు ఆ సంగతి చూసేవారికి తెలియజేయాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ చెప్పాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు, మళ్ళీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు. ఒక రాత్రి భోజనానికి, రెండు సీసాలకు ఒప్పుకుని మీరు తలకెత్తుకుంటున్న బాధ్యత అంత పెద్దది. ఒప్పుకునే ముందు రాతపూర్వకంగా ఒప్పందం అడగండి. మీకు చదవమని ఇచ్చిన వాక్యాల్లో ఆరోగ్యం గురించి, అందం గురించి ఒక్క మాట ఉన్నా కొట్టివేయండి.

విజయవాడ, గుంటూరులలో ఈ వీడియోలను ఎవరు చూస్తున్నారో కూడా ఆలోచించాలి. ఇవి ఇంటర్మీడియెట్ కళాశాలల నగరాలు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు వేల సంఖ్యలో ఇక్కడి హాస్టళ్ళలో ఉన్నారు. ఊరి బిర్యానీ, ఊరి టిఫిన్ బండ్ల గురించి చెప్పే పేజీలను వాళ్ళంతా అనుసరిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి 13 ఏళ్ళు చాలు. కంపెనీ తన సొంత ఖాతా నుంచి డబ్బు చెల్లించి ప్రకటన వేస్తే వయసు పరిమితి పెట్టవలసి వస్తుంది. అదే సరుకును తిండి పేజీ నడిపే కుర్రవాడి చేతిలో పెడితే పునుగులకూ, ముంత మసాలాకూ మధ్యలో వైన్ సీసా ఆ పిల్లల ఫోనులోకి చేరిపోతుంది. స్థానిక తిండి పేజీలను మీ ప్రచారానికి వాడుకోవద్దని యాజమాన్యాలను నేను ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. నా ఫిర్యాదుల్లో మొదట సరిదిద్దవలసింది ఇదే.

ఆడవాళ్ళను ఉద్దేశించి చేసే ప్రచారం గురించి రాయాలంటే నాకు చెయ్యి ఆగుతుంది, అయినా రాయాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళకు ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతోనే రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. నేను అప్పుడు చదువుకునే వయసులో ఉన్నాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు సాయంత్రం పూట గుంపుగా దుకాణం వైపు నడిచివెళ్ళడం చూశాను. రాత్రి బడిలో చదివిన పాఠాలు వాళ్ళను అంత దూరం నడిపించాయి. ఆ స్త్రీల కూతుళ్ళు, మనవరాళ్ళు ఈరోజు ఉద్యోగాలు చేస్తున్నారు, తమ డబ్బు తాము సంపాదించుకుంటున్నారు, తమకు ఏది కావాలో తామే నిర్ణయించుకుంటున్నారు. వాళ్ళలో ఎవరైనా వైన్ తాగాలనుకుంటే అది వాళ్ళ ఇష్టం, ఆ ఇష్టాన్ని నేను ప్రశ్నించను. కానీ స్వేచ్ఛకు గుర్తుగా వాళ్ళ చేతిలో గ్లాసు పెట్టి, అందులో ఏముందో మాత్రం చెప్పకపోతే, అది ఆ స్త్రీకి ఇచ్చే గౌరవం కాదు. సారా సీసా గురించి అమ్మమ్మకు తెలిసినంత స్పష్టంగా వైన్ సీసా గురించి మనవరాలికి తెలియాలి. తెలిశాక తను ఏం చేసినా అది తన నిర్ణయమవుతుంది.

అలాంటప్పుడు మేము దేని గురించి చెప్పాలని మీరు అడగవచ్చు. చెప్పవలసినది చాలా ఉంది. దాన్ని మీరు ఇప్పటివరకు ముట్టుకోలేదు.

కొన్నేళ్ళ క్రితం ఫిబ్రవరిలో విద్యార్థులను వెంటబెట్టుకుని నాసిక్ దగ్గరి ద్రాక్షతోటలకు వెళ్ళాను. తెల్లవారకముందే, తలకు దీపాలు కట్టుకున్న స్త్రీలు వరుసల మధ్య నడుస్తూ గుత్తులు కోస్తున్నారు. ఎండ ఎక్కితే పండు వేడెక్కుతుంది, వేడెక్కిన పండు బుట్టలోనే పులియడం మొదలుపెడుతుంది, అందుకని అంత తొందర. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా నిద్రపోతుంది. నాసిక్ లాంటి మన వేడి ప్రాంతాల్లో దానికి నిద్ర లేదు. అందువల్ల ఇక్కడి రైతు ఏడాదికి రెండుసార్లు తీగను కత్తిరిస్తాడు. ఏప్రిల్‌లో కొమ్మల కోసం ఒకసారి, వానలు వెనకబట్టిన తర్వాత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాయల కోసం ఇంకొకసారి. నీటి ఎద్దడిని, చౌడును తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ అనే మొండి జాతి వేరు మీద మేలిరకం తీగను అంటుకడతాడు. మామిడి అంటు కట్టిన చేతులు నూజివీడులో ఎన్నో ఉన్నాయి. మిరప కోతకు కూలీలు దొరకని బాధ గుంటూరు రైతుకు తెలుసు. ఈ తోట కథను తెలుగులో చెబితే వినడానికి మనుషులున్నారు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పరిశ్రమకు పన్ను రాయితీలిచ్చింది ద్రాక్ష రైతు పేరు చెప్పే. అలాంటి రైతు మీ వీడియోల్లో ఎక్కడా కనిపించడు.

వైన్‌కు పేరుపొందిన ఫ్రాన్సులో 1991లో తెచ్చిన చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం మద్యం ప్రకటనలు టీవీలోనూ, సినిమాహాళ్ళలోనూ ఉండకూడదు. మిగతా చోట్ల వైన్ ఏ ఊరిది, ఏ ద్రాక్షతో చేశారు, ఎలా చేశారు, ఆల్కహాలు ఎంత, ఎలా వడ్డించాలి అన్నంతవరకే చెప్పవచ్చు, కింద ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. అందమైన జీవితం, ప్రేమ, విజయం అన్నవాటిని సీసా పక్కన నిలబెట్టకూడదు. ఆ కట్టుబాటులో ఉండి కూడా అక్కడి రైతులు తమ నేల గురించి, తమ ఊరి గురించి ఎంతో చెప్పుకుంటున్నారు. మన దేశంలోనూ నాసిక్‌లో 1999లో మొదలైన సులా వంటి సంస్థలు మనుషులను తోట దగ్గరికి రప్పించి, పీపాలు చూపించి, రుచి చూపించే పద్ధతిని అలవాటు చేశాయి. బెంగళూరు పక్కన నంది కొండల దిగువన కూడా అలాంటి తోటలున్నాయి. తోటకు వచ్చిన మనిషి వయసును గుమ్మం దగ్గర అడగవచ్చు. ఫోనులో చూసేవాడి వయసును ఎవరు అడుగుతారు?

రుచి గురించి కూడా మీరు మా భాషలో మాట్లాడటం లేదు. చూసేవారిలో చాలామంది ఎన్నడూ తినని బ్లాక్‌బెర్రీ, చెర్రీ, ఓక్ అన్న పేర్లు అప్పజెప్పిస్తున్నారు. ఉగాదినాడు ఆరు రుచులను ఒకే దొన్నెలో పోసి పిల్లల నాలుక మీద వేసే జాతి మనది. రెడ్ వైన్‌లో నాలుకను పట్టేసే గుణానికి ఇంగ్లీషువాడు పుస్తకాలు రాశాడు, మన దగ్గర దానికి వగరు అన్న ఒక్క మాట చాలు. పచ్చి నేరేడుపండు తిన్న ఎవరికైనా అదేమిటో తెలుసు. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ వాసన చూసి నా విద్యార్థులు జామపండు అంటారు. సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకొక తెల్ల వైన్ వాసన చూసి క్యాప్సికం అంటారు, అది నిజమే, ఆ రెండింటిలోనూ ఒకే జాతి వాసన పదార్థం ఉంది. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో మిరియాల ఘాటు వస్తుంది. మిరియాలకు ఆ ఘాటు వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్షలోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో కనుగొన్నారు. మిర్చి యార్డులో కాయను విరిచి వాసన చూసి ధర చెప్పగలిగిన మనుషులున్న ఊరికి ఇవన్నీ అర్థం కావనుకోవద్దు.

అసలు గుంటూరు కోడివేపుడు పక్కన షిరాజ్ గ్లాసు పెట్టి తీసిన వీడియోలు చూసినప్పుడు నాకు కలిగే బాధ వృత్తిపరమైనది. వగరు, ఆల్కహాలు రెండూ కారం మంటను పెంచుతాయి. ఆ ముద్ద తిని ఆ గుక్క తాగినవాడికి నోరు మండుతుంది తప్ప వైన్ రుచి గానీ, వేపుడు రుచి గానీ దక్కదు. తప్పదనుకుంటే కొంచెం తీపి మిగిలిన, బాగా చల్లబరిచిన తెల్ల వైన్ కొంత నయం. కారం తిన్న నాలుకకు మజ్జిగకు మించిన తోడు లేదని, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆ మంటను పట్టి తీసుకుపోతుందని నేను వైన్ పాఠంలోనే చెబుతాను. ఏ భోజనానికి వైన్ అక్కరలేదో చెప్పగలగడం కూడా నా పాఠంలో భాగమే.

రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదని, గది వేడిలో ఇవ్వాలని ఇంకొక వీడియో చెబుతుంది. చలిదేశపు రాతి ఇళ్ళలో గది వేడి 16 నుంచి 18 డిగ్రీలు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లోనూ పెద్దగా తక్కువ ఉండదు. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ఆల్కహాలు ఘాటు తప్ప ముక్కుకు ఇంకేమీ తగలదు. మా దగ్గర రెడ్ వైన్‌ను కూడా వడ్డించే ముందు కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి, తెల్ల వైన్ 8 నుంచి 10 డిగ్రీలకు రావాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, 2024 అక్టోబరులో మద్యం దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతికి వచ్చినప్పటి నుంచి ఎన్నో కొత్త సీసాలు అరల్లో కనిపిస్తున్నాయి, కానీ వేసవిలో ఎండ తగిలే అద్దాల అరలో నెలల తరబడి నిలబడిన వైన్ సీసా లోపల ఉడికిపోతుంది. ఆ సీసా కొన్నవాడు వైన్ రుచి ఇంతేననుకుంటాడు. ప్రచారానికి పెట్టే డబ్బులో కొంత తీసి దుకాణాల్లో చల్లని అరలకు పెడితే మీ సరుకుకూ మేలు, కొన్నవాడికీ న్యాయం.

నా విన్నపం చిన్నదే. తెలుగులో పెట్టే ప్రతి వీడియోలో మొదటి వాక్యంగా ఇది మద్యమని, ఇంత శాతం ఆల్కహాలు ఉందని, 21 ఏళ్ళు నిండనివారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కాదని తెలుగులోనే చెప్పించండి. మూలన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి సరిపెట్టవద్దు, 2022 మార్గదర్శకాలు కూడా ప్రకటన ఏ భాషలో ఉంటే గమనిక ఆ భాషలోనే ఉండాలంటున్నాయి. డబ్బు తీసుకున్న వీడియో అయితే 'ఇది ప్రకటన' అని తెరమీద రాయించండి. ఈ మాటలు చెప్పిన తర్వాత కూడా వినేవాడుంటే, అతనికి తోట గురించి, పండు గురించి, రుచి గురించి మీకు తెలిసినదంతా చెప్పండి, నేనూ కూర్చుని వింటాను. మీ వీడియోలు రాసేవారికి ఏ మాటను తెలుగులో ఏమనాలో తెలియకపోతే మా తరగతికి పంపండి. కొలపాత్రలు, వాసన చూపే సీసాలు అక్కడ ఉన్నాయి, రుసుము అక్కరలేదు.

ఆ పూర్వ విద్యార్థిని వదినకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. వాళ్ళు తెప్పించిన సీసాను మూత తీయకుండా నాకు పంపించారు, అది ఇప్పుడు నా తరగతి గదిలో ఉంది. కొత్తగా చేరిన పిల్లల చేతికి దాన్ని ఇచ్చి, ఆల్కహాలు శాతం ఎక్కడ రాసి ఉందో వెతకమంటాను. సీసాను అటూ ఇటూ తిప్పి, వెలుతురు వైపు పట్టుకుని, వెనుక లేబులు అడుగున ఉన్న ఆ అంకెను కనిపెట్టడానికి వాళ్ళకు చాలాసేపు పడుతుంది.

ఇట్లు,
విజయవాడలో పానీయాల సేవ బోధించే ఒక అధ్యాపకురాలు